ఊరు ఇక్కడే ఉండాలి, గెడ్డకు దారి వదలాలి

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, వైజాగ్‌లో ఉన్న మాకు హైదరాబాద్ నుంచి మా బావ ఫోన్ చేస్తాడు. అత్తయ్యకు బీపీ మాత్రలు ఉన్నాయా, ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారా, ట్యాంకు నింపుకున్నారా అని పేరుపేరునా అడుగుతాడు. అవన్నీ అయ్యాక అసలు మాటకొస్తాడు. "ఎన్నిసార్లని కడతారమ్మా ఆ ఊరిని? ప్రతిసారీ వేల కోట్లు. అదే డబ్బు పెట్టి కాస్త లోపలికి కట్టుకుంటే ఒక్కసారితో పోతుంది కదా!"

మా మీద ప్రేమతోనే అంటాడు. పైగా అది తీసిపారేయాల్సిన ప్రశ్న కూడా కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన నష్టం అంచనా 21 వేల కోట్ల రూపాయలు దాటింది. ఒక్క తుపానుకే అంత. ఆ డబ్బును తీసుకెళ్ళి మళ్ళీ అదే గాలికి ఎదురుగా పెట్టడం న్యాయమేనా అని పన్ను కట్టే ఎవరైనా అడగొచ్చు. నేను దీని గురించి చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. వైజాగ్ ఇక్కడే ఉండాలి, దెబ్బతిన్న ప్రతిసారీ మళ్ళీ కట్టుకోవాలి అన్నది నా మాట. అయితే ఈ ఊళ్ళోనే మళ్ళీ కట్టకూడని జాగాలు కొన్ని ఉన్నాయి. అవేవో తుపాను రాకముందే, ఎండ కాస్తున్న రోజుల్లోనే తేల్చుకోవాలి. తుపాను వచ్చి వెళ్ళాక తేల్చడం ఎవరివల్లా కాదు.

వదిలేసిన ఊళ్ళు మన తీరంలో లేకపోలేదు. కాకినాడకు దక్షిణాన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన దాన్ని ముంచేసింది. రెండో దెబ్బ తర్వాత రేవు కోలుకోలేదు. ఇప్పుడు అక్కడికి వెళ్తే మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచి, పడవెక్కి, ఫొటోలు తీసుకుని వస్తాం. రామేశ్వరం కొసన ధనుష్కోడి కూడా అంతే. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ప్యాసింజర్ రైలుతో సహా కొట్టుకుపోతే, మనుషులు నివసించడానికి ఆ చోటు పనికిరాదని అప్పటి మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది.

వీటిని చూపించి 'వదిలేస్తే పోయేదేముంది' అనడం తేలికే. కానీ కోరంగి పోగొట్టుకున్న వ్యాపారం ఎటు వెళ్ళింది? పక్కనే ఉన్న కాకినాడకు వెళ్ళింది. సముద్రం అదే, తుపాన్లు వచ్చే నెలలూ అవే. 1996 నవంబరులో కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని పడుకోబెట్టేసింది, వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఓడలతో, చేపలతో బతికేవాళ్ళు ఒక రేవు వదిలితే ఇంకో రేవుకే పోతారు తప్ప కొండలెక్కి కూర్చోలేరు.

ఇక బందరు సంగతి చూడండి. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్క. అయినా బందరు బందరుగానే ఉంది. ఇప్పుడు మంగినపూడి దగ్గర కొత్త పోర్టు కూడా కడుతున్నారు. పక్కనే దివిసీమ. 1977 నవంబరు 19న అక్కడ పదివేల మందికి పైగా పోయారు. చెట్ల మీద వేలాడిన శవాల గురించి మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విని పెరిగాను. దివిసీమను ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. తుపాను షెల్టర్లు కట్టారు, కరకట్టలు ఎత్తు చేశారు, హెచ్చరికల పద్ధతి మార్చారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరం మీదికి మళ్ళీ భీకరమైన తుపాను వచ్చింది. అప్పుడు చనిపోయినవారు వెయ్యికి లోపే. ఆ ఒక్కొక్క ప్రాణం కూడా పోకూడనిదే, కాదనను. కానీ పదమూడేళ్ళలో పదివేల నుంచి అక్కడికి వచ్చామంటే, అది ఊరు మార్చడం వల్ల వచ్చింది కాదు.

ముప్పు కోణంలో చూసినా వైజాగ్ మిగతా తీరం కంటే నయం. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ, నేల పల్లం. అందుకే ఉప్పెన ఎత్తుగా లేచి ఊళ్ళ మీద పడుతుంది. మన దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది, ఒడ్డున కొండలున్నాయి. దివిసీమ మీదికి 1977లో ఐదు మీటర్ల ఉప్పెన వచ్చింది. హుద్‌హుద్ నేరుగా మన ఊరి మీదుగానే తీరం దాటినా వైజాగ్‌లో ఉప్పెన 1.4 మీటర్లు. డాల్ఫిన్ నోస్ కొండ చాటున 1933లో హార్బరు తెరిచారంటే ఊరికే కాదు. దీన్ని వదిలి ఇంకెక్కడ కడతారు? తెలుగువాళ్ళకు తీరం మీద ఒక పెద్ద ఊరు ఉండక తప్పదనుకుంటే, ఇంతకంటే మంచి చోటు నాకైతే కనపడదు.

హుద్‌హుద్ గురించి చెప్పకుండా ఈ విషయం ముందుకు సాగదు. 2014 అక్టోబరు 12 ఆదివారం. ఎక్కడ తీరం దాటుతుందో, ఎప్పుడు దాటుతుందో వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది. పొద్దున్నే కరెంటు తీసేశారు. మా ఫ్లాటు హాల్లో అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. గాలి కొట్టినప్పుడల్లా ఆ ఫ్రేము లోపలికి వంగి మళ్ళీ సర్దుకునేది. నేనూ అమ్మా దివాన్ కాట్ నిలబెట్టి కిటికీకి ఆనించి, దాని వెనకాల వీపులు పెట్టి కూర్చున్నాం. కిటికీ సందులోంచి నీళ్ళు చిమ్మి హాలంతా మడుగైంది. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. వాచ్‌మన్ కుటుంబం, కింది ఫ్లాట్లవాళ్ళు, పిల్లలు అందరూ అయిపోయిందనుకుని రోడ్డు మీదికొచ్చేశారు. షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన గేటు దగ్గర నిలబడి, "ఇది కన్ను, ఇంకా సగం ఉంది, లోపలికి పొండి" అని గొంతు చించుకుని అరిచారు. ఆయన అన్నట్టే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ లేచింది. పొద్దున ఒకవైపు వంగిన చెట్లు ఈసారి రెండోవైపు విరిగాయి.

తెల్లారి చూస్తే కైలాసగిరి మీద పచ్చదనమే లేదు. కాల్చేసినట్టు గోధుమ రంగు కొండ. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. సెల్‌ఫోన్లకు సిగ్నల్ లేదు, పాలు లేవు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు. జనరేటర్‌ని ఆటోలో వేసుకుని అపార్ట్‌మెంటు అపార్ట్‌మెంటుకీ తిరిగేవాళ్ళు వచ్చారు. గంటకింత అని మాట్లాడుకుని, మోటారు తిప్పి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపుకునేవాళ్ళం. ముఖ్యమంత్రి ఊళ్ళోనే మకాం వేసి అధికారుల్ని పరుగులు పెట్టించారు. వేరే జిల్లాల నుంచి లైన్‌మెన్ వచ్చి, ఎక్కడ తిన్నారో ఎక్కడ పడుకున్నారో తెలీదు, రాత్రీ పగలూ స్తంభాలు నిలబెట్టారు. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ గుయ్ మన్నప్పుడు ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ లైన్‌మెన్‌కి అప్పుడు దండం పెట్టాను, ఇప్పటికీ పెడతాను.

ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి, 'అమ్మా, ఈ స్తంభం ఇక్కడ వద్దు, కొన్నాళ్ళు ఆగితే తీగలు భూమిలో వేస్తాం' అని ఉంటే, మేమంతా కలిసి తరిమేసేవాళ్ళం. నిజం అది. విరిగిన చోటే స్తంభం, ఎగిరిన చోటే రేకు, కూలిన చోటే గోడ. దెబ్బ తిన్న మనిషికి ఉన్నది ఉన్నట్టు కావాలనిపిస్తుంది, అది తప్పు కాదు. భూగర్భ కేబుళ్ళ పని ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన పునరుద్ధరణ ప్రాజెక్టులో వచ్చింది. అది ఆలోచించి చేసిన పని, అందుకే ఏళ్ళు పట్టింది. వారాల్లో జరిగేది పాతదాన్ని నిలబెట్టడం, ఏళ్ళలో జరిగేది కొత్తగా కట్టడం. ఈ రెండూ ఒకే సమయంలో జరగాలని కోరుకుంటాం కాబట్టే రెండోది ఎప్పుడూ వెనకబడుతుంది.

అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌కి ఇదే జరిగింది. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు కరకట్టలు తెగి ఊళ్ళో ఎనభై శాతం మునిగింది. నాలుగైదు నెలలు తిరిగేసరికి ఒక ప్రణాళిక బృందం మ్యాపు విడుదల చేసింది. బాగా పల్లంగా ఉన్న కొన్ని పేటల మీద ఆకుపచ్చ చుక్కలు పెట్టి, ఇవి పార్కులుగా మార్చవచ్చు అంది. సాంకేతికంగా చూస్తే అందులో అర్థముంది. కానీ అప్పటికి ఆ పేటల జనం ఎక్కడెక్కడో బంధువుల ఇళ్ళలో, ట్రైలర్లలో ఉన్నారు. వాళ్ళ ఇల్లు ఆకుపచ్చ చుక్క కింద ఉందని పేపర్లో చూసి తెలుసుకున్నారు. ఎక్కువమంది నల్లజాతివాళ్ళు, పేదవాళ్ళు. ఊరంతా భగ్గుమంది, మ్యాపు అటకెక్కింది. ఆ జనం కోపంలో నాకే తప్పూ కనపడదు. కొంప మునిగిన మనిషితో 'నీ కొంప ఇక్కడ ఉండకూడదు' అనే హక్కు, మునగకముందు ఆ మాట చెప్పనివాళ్ళకు లేదు.

అలాగని తొందర లేకుండా నింపాదిగా కడితే బాగుంటుందా అంటే, జపాన్‌లో రికుజెన్‌తకాటా ఉంది. 2011 సునామీ ఆ ఊరిని తుడిచేసింది. పక్క కొండను తవ్వి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద తెచ్చి, ఊరి నడిబొడ్డును మీటర్ల కొద్దీ పైకి లేపారు. అద్భుతమైన పని. అది అయ్యేసరికి ఏళ్ళు గడిచాయి. ఈలోగా చాలామంది వేరే ఊళ్ళలో ఉద్యోగాలు, స్కూళ్ళు చూసుకుని స్థిరపడిపోయారు. ఎత్తు చేసిన స్థలాల్లో చాలా భాగం ఖాళీగా మిగిలింది. మనుషులు ఆగరు. అందుకే గీత ముందే గీసి ఉంచాలంటున్నాను. తుపాను మర్నాడు ఎవరు ఎక్కడ కట్టుకోవచ్చో, ఎవరికి ఎంత ఇచ్చి ఎక్కడ చోటు చూపిస్తారో కాగితం మీద సిద్ధంగా ఉంటే, వారాల్లో కట్టడమూ ఆలోచించి కట్టడమూ ఒకటే అవుతాయి.

మా బావ ఉంటున్న హైదరాబాదే దీనికి మంచి ఉదాహరణ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఎగువన 200కు పైగా చెరువులు తెగి నీళ్ళన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. సుమారు 15 వేల మంది చనిపోయారు. రాజధానిని ఇంకోచోటికి మార్చేద్దాం అనలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊళ్ళో గోడలు కట్టడం కంటే ముందు ఊరికి ఎగువన నీళ్ళను ఆపాలన్నది ఆయన సలహా. అలా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ తర్వాత 1996లో 111 జీవో తెచ్చి, ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలు రాకుండా ఆపారు. అంటే హైదరాబాద్ ఉన్నచోటే ఉండగలిగింది, ఎందుకంటే కొంత నేలను నీళ్ళకు వదిలింది. 2022లో ఆ జీవోను ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చారు. వరద మర్చిపోయిన ఊరికి వదిలిన నేల వృథాగా కనిపిస్తుంది. మన ఊరి గెడ్డల గురించి, అంటే కొండల నుంచి దిగే వాగుల గురించి, నాకున్న భయం కూడా అదే.

వైజాగ్ బయటివాళ్ళకు సముద్రమే కనపడుతుంది. ఇక్కడ ఉండేవాళ్ళకు తెలుసు, మనల్ని ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టేది కొండల మీద నుంచి దిగే నీళ్ళు. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో ఊరు గిన్నెలా ఉంటుంది. వాన పడితే ఆ నీళ్ళు గెడ్డల్లోకి దిగి, కొన్ని మేఘాద్రిగెడ్డ వైపు, కొన్ని హార్బరు వైపు, కొన్ని నేరుగా సముద్రంలోకి పోతాయి. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మనకు గాలి పెద్దగా లేదు. కానీ ఒక్క రాత్రి వానకు పల్లపు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, ఎయిర్‌పోర్టు ముందు కార్లు నీళ్ళలో నిలబడ్డాయి. వంద కిలోమీటర్ల అవతల తీరం దాటిన తుపాను మన హాల్లోకి వచ్చిందంటే, దానికి దారి ఇచ్చింది మనమే. గెడ్డ పక్కన మట్టి పోసి ఎత్తు చేశాం, పైన శ్లాబు వేశాం, వెడల్పాటి గెడ్డను సిమెంటు డ్రెయిన్ చేసి గోడల మధ్య బిగించాం. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరుది కూడా ఇదే కథ.

మనం ఫ్లాటు కొనేటప్పుడు ఏమేం చూస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లింకు డాక్యుమెంట్లు చూస్తాం, ఈసీ తీయిస్తాం, బ్యాంకు లాయరు ఒపీనియన్ అడుగుతాం, వాస్తు చూపిస్తాం. ఈసీలో ఆ స్థలం ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో ఉంటుంది, నీళ్ళు ఎటు పోయేవో ఉండదు. అప్పు ఇచ్చే బ్యాంకు అడగదు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగరు, అమ్మేవాడు చెప్పడు. మా బంధువుల కుటుంబం ఒకటి, పేరు అనవసరం, పెందుర్తి వైపు ఒక బిల్డర్ దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు కొంది. కొన్నది ఎండాకాలంలో. వెనకాల ఖాళీ జాగా ఉంది, గాలీ వెలుతురూ వస్తాయని సంబరపడ్డారు. ఆ ఖాళీ జాగా గెడ్డ అని మొదటి పెద్ద వానకు తెలిసింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పిల్లవాడి సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి. అమ్ముదామంటే వాన సంగతి చెప్పకుండా అమ్మడానికి వాళ్ళకు మనసొప్పడం లేదు, చెబితే కొనేవాళ్ళు లేరు.

బాధ కలిగించేది ఏమిటంటే, గెడ్డ హద్దు కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు. రెవెన్యూ రికార్డుల్లో గెడ్డ పోరంబోకు అని రాసి ఉంటుంది. సర్వే నంబరు వారీగా ఎఫ్ఎంబీ (నేల కొలతల పుస్తకం) మ్యాపుల్లో గీసి ఉంటుంది. బ్రిటిష్ కాలం సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని కొలిచి ఇచ్చిన గీతలు అవి. వాటిని మాస్టర్ ప్లాన్ మీద పరిచి, ఇంతవరకు గెడ్డ, దీనికి ఇటు అటు ఇంత వదలాలి, ఇందులో ఇప్పటికే ఉన్న ఇళ్ళు ఇవి అని ప్రతి వార్డు సచివాలయం గోడ మీద అతికించాలి. అందులో ఉన్న ఇంటిని రేపే పడగొట్టమని నేననను. ఆ ఇల్లు అమ్మేటప్పుడు డాక్యుమెంటులో ఆ మాట రాసి తీరాలి. తుపానుకో వరదకో అది కూలితే అక్కడ మళ్ళీ ప్లాను ఇవ్వకూడదు. దానికి బదులుగా ఎంత ఇస్తారో, ఎక్కడ ఇస్తారో ఈరోజే జీవోలో ఉండాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన జాగాకు బదులుగా వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే టీడీఆర్ బాండ్లు ఇస్తున్నాం కదా, గెడ్డ వెడల్పు చేయడానికి ఎందుకు ఇవ్వకూడదు?

ఇక సముద్రం ఒడ్డు. ఇక్కడ నా మనసు రెండు వైపులా లాగుతుంది. 'ప్రమాదకరమైన చోటు ఖాళీ చేయించాలి' అన్న మాట ఎప్పుడు వినపడినా, ముందుగా వేలు చూపించేది జాలరిపేటల వైపు. 2004 సునామీ తర్వాత తమిళనాడులోనూ అంతే, చాలాచోట్ల మత్స్యకారుల ఇళ్ళు లోపలికి జరిగాయి. మా వీధికి పెదజాలరిపేట నుంచి చేపలు తెచ్చే అక్క ఒకామె ఉంది. తట్ట దించి, ఈత మట్ట పీట మీద వంజరం ముక్కలు కోస్తూ మాట్లాడుతుంది. మధురవాడ వైపు ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో తీసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. కత్తి ఆపి నా వైపు చూసింది. "గాలొచ్చినప్పుడు బోటు పైకి లాగి తాళ్ళు ఎవరు కడతారమ్మా? మా ఆయన అక్కడి నుంచి ఆటో ఎక్కి రావాలా? తెల్లారగట్ల వలలో చేప పడితే ఒడ్డునున్నోళ్ళే వేలంపాట పాడతారు, మేం వచ్చేసరికి ఏం మిగుల్తుంది?" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేను.

ఒడ్డున ఉండక తప్పనివాళ్ళు వాళ్ళు. సముద్రం కనపడితే చాలనుకుని వచ్చే కట్టడాలు అలాంటివి కావు. పేటలో రేకుల ఇల్లు తీరానికి దగ్గరగా ఉందని గుండెలు బాదుకునే ఊళ్ళోనే బీచ్ రోడ్డు వెంట, భీమిలి దారిలో అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నాయి. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. వచ్చిన దగ్గర నుంచి సవరణల మీద సవరణలు. 2019 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్‌లో, జనం ఒత్తుగా ఉన్న గ్రామీణ తీరాల్లో అసలు కట్టకూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించారు. ఒడ్డు మీద వలలు ఆరేసుకునేవాళ్ళ కోసం ఆ 150 మీటర్లు అడిగినవాళ్ళు ఎందరో, గదిలోంచి అలలు చూపించి అద్దె తీసుకునేవాళ్ళ కోసం అడిగినవాళ్ళు ఎందరో ఆలోచించాలి.

నా లెక్కలో న్యాయం ఇలా ఉండాలి. పనిరీత్యా సముద్రం పక్కన ఉండాల్సినవాళ్ళకు, అంటే జాలర్లకు, పోర్టుకు, నేవీకి, ప్రజల డబ్బుతోనే రక్షణ ఇవ్వాలి. జాలరిపేటల్లో శ్లాబు ఇళ్ళు కట్టుకోవడానికి పట్టా ఇవ్వాలి, నడిచి చేరేంత దూరంలో ఎత్తయిన గట్టి షెల్టరు ఉండాలి, బోటుకు వలకు బీమా ఉండాలి. వ్యూ కోసం కట్టుకున్నవాళ్ళు తమ డబ్బుతో, తమ బీమాతో కట్టుకోవాలి. కూలితే పరిహారం అడగకూడదు. కఠినంగా అనిపించొచ్చు. కానీ ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

గోడ కట్టేస్తే సరిపోదా అని కొందరంటారు. టెక్సస్‌లో గాల్వెస్టన్ అనే ఊరుంది. 1900 సెప్టెంబరులో తుపాను వచ్చి కనీసం ఆరు వేల మందిని తీసుకుపోయింది. ఆ ఊరు ఐదు మీటర్ల ఎత్తున సముద్రపు గోడ కట్టింది, ఇళ్ళనీ చర్చీల్నీ జాకీల మీద పైకెత్తి కింద ఇసుక నింపింది. 1915లో మళ్ళీ అంతటి తుపాను వస్తే ఊళ్ళో చనిపోయినవారు చాలా కొద్దిమంది. గోడ పని చేసింది, సందేహం లేదు. కాకపోతే గోడ ముందు ఇసుక నిలవలేదు, బీచ్ కోసుకుపోయింది. మన ఊరికి ఇసుక కథ కొత్త కాదు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు నోట్లో ఇసుక పూడకుండా మొదట్లోనే రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1970లలో ఔటర్ హార్బరు కట్టాక ఇసుక ఇంకా గట్టిగా ఆగిపోయింది. అందుకే పోర్టువాళ్ళు ఆగిన ఇసుకను తవ్వి, పైపుల్లో ఆర్కే బీచ్‌కి పంపుతూ ఉంటారు. మనం సాయంత్రం పల్లీలు తింటూ కూర్చునే ఇసుకలో కొంత అలా వచ్చిందే. ఆ పని ఒక సీజను ఆలస్యమైతే బీచ్ రోడ్డు పక్కన గోడలు కూలుతాయి, నేల కుంగుతుంది. గోడ కట్టడం అంటే ఇలాంటి పనిని ఎప్పటికీ చేస్తూనే ఉంటామని మాట ఇవ్వడం. హార్బరు కోసం ఆ మాట ఇవ్వొచ్చు, హోటళ్ళ కోసం ఎందుకివ్వాలి?

కొండవాలు ఇళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. వానకు మట్టి నాని బండరాయి కదిలితే కింద ఇల్లు ఉండదు. అక్కడ ఉంటున్నది మన అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్లు, మన ఇళ్ళలో పని చేసేవాళ్ళు, భవన నిర్మాణ కూలీలు. వాళ్ళను ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల పడేస్తే, ఆర్నెల్లలో ఆ ఇల్లు అద్దెకిచ్చి మళ్ళీ కొండెక్కుతారు. ఊరి మధ్యలో ఉన్న ప్రభుత్వ జాగాల్లో వాళ్ళకు చవకగా అద్దె ఇళ్ళు కడితే తప్ప కొండ ఖాళీ అవదు. ఆ జాగాలు మాత్రం ఒక్కొక్కటిగా వేరే వాటికి పోతున్నాయి.

ఇదంతా అయ్యే పనేనా అని అడగొచ్చు. ఒడిశాను చూడండి. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి లక్షల మందిని ముందే తరలించారు, ప్రాణనష్టం పదుల సంఖ్యలో ఆగింది. ఆ పద్నాలుగేళ్ళలో వాళ్ళు షెల్టర్లు కట్టారు, ఊరూరా ఎవరు ఎవరిని తీసుకెళ్ళాలో పేర్లతో జాబితాలు రాసుకున్నారు. అంత పేద రాష్ట్రం మనుషుల విషయంలో చేసిన పనిని, మనం నేల విషయంలో చేయలేమంటే నేను ఒప్పుకోను.

మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లో ఈ ఏడాది ఒక తీర్మానం పెట్టాను. సెల్లార్‌లో ఉన్న కరెంటు ప్యానెల్ బోర్డు, జనరేటరు స్విచ్ పైకి మార్చాలని. ఖర్చు ఎక్కువని కొందరన్నారు, సెల్లార్‌లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద మరక చూపించాక ఒప్పుకున్నారు. దానితోపాటు మా స్థలం సర్వే నంబరు ఎఫ్ఎంబీ కాపీ తీయించాం. తూర్పు గోడకు అవతల గెడ్డ పోరంబోకు అని ఉంది. అక్కడ ఇప్పుడు రెండు షెడ్లు, ఒక ట్యూషన్ సెంటరు ఉన్నాయి. మ్యాపు, ఫొటోలు జతచేసి, ట్యూషన్ సెంటరు నడుపుతున్న మాస్టారితో కూడా సంతకం పెట్టించి, మాస్టర్ ప్లాన్‌లో దాన్ని గెడ్డగానే చూపించాలని, ఆయనకు ఊళ్ళోనే వేరే చోటు ఇవ్వాలని అర్జీ తయారు చేశాం. మీ వీధిలో కూడా అలాంటి నంబరు ఉంటుంది. వచ్చే అక్టోబరులోపు తీయించండి, అర్జీ ఎలా రాయాలో కావాలంటే మా నకలు ఇస్తాను.